పళ్ళ కోసం విమానం ఎక్కితే మిగిలిందెంత? నా అనుభవం

పళ్ళ ఆపరేషన్‌కి వేరే దేశం వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే: "ఇంతకీ ఎంత మిగిలింది?" ఒక్క ముక్కలో చెప్పలేక నసుగుతుంటే, ఏదో దాస్తున్నాననుకుంటున్నారు. అందుకే లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను. డబ్బు రూపంలో రాస్తే అది నాకు తప్ప ఎవరికీ పనికిరాదు, ఒక్కో దేశంలో ఒక్కో రేటు కదా. కాబట్టి ఇంటి దగ్గర డాక్టరుగారు చెప్పిన మొత్తాన్ని 100 అనుకుందాం. మిగతా ఖర్చులన్నీ ఆ వందలో ఎంతో చెబుతాను.

నాకు కింద కుడివైపు రెండు, పైన ఎడమవైపు రెండు దవడ పళ్ళు లేవు. పీకించుకుని ఏళ్ళయింది. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు నాకు పడలేదు. అటూ ఇటూ ఉన్న పళ్ళ మీద ఆనించి కట్టే బ్రిడ్జి వేయాలంటే వెనకాల పన్ను లేదు. ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో స్క్రూ దింపి దాని మీద పన్ను బిగించడం, తప్ప దారి లేదన్నారు డాక్టరుగారు. ఆయన చెప్పిన అంకె విని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు నుంచి విదేశీ క్లినిక్‌లకు మెయిళ్ళు పెట్టడం మొదలుపెట్టాను.

పళ్ళ వైద్యం మీదే బతికే ఊళ్ళు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. మెక్సికోలో అమెరికా సరిహద్దుకు ఆనుకుని లాస్ అల్గొడోనెస్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ ఎటు చూసినా పళ్ళ క్లినిక్‌లే, దాన్ని 'మోలార్ సిటీ' (దవడ పళ్ళ ఊరు) అని పిలుస్తారు. ఆస్ట్రియా సరిహద్దు దగ్గర హంగరీలో షోప్రాన్, మోషోన్‌మాద్యారోవార్ కూడా అలాంటివే. ఇస్తాంబుల్, బ్యాంకాక్ లాంటి మహానగరాల సంగతి సరేసరి. ఈ చిన్న ఊళ్ళ గురించి చదువుతున్నప్పుడు నాకు ఒక విషయం తట్టింది. లాస్ అల్గొడోనెస్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది కారు అవతల ఆపుకుని, సరిహద్దు నడిచి దాటేస్తారు. హంగరీకి ఆస్ట్రియావాళ్ళు పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఎన్నిసార్లు రమ్మన్నా వాళ్ళకి పెద్ద ఖర్చుండదు. 'సగానికి సగం మిగిలింది' అని అలాంటివాళ్ళు చెప్పే మాటని, విమానం ఎక్కాల్సినవాళ్ళం మనకి అన్వయించుకుంటే బోల్తా పడతాం.

అక్కడ చవక ఎందుకంటే, టైటానియం స్క్రూ వేరేదై కాదు. క్లినిక్ అద్దె, సిబ్బంది జీతాలు, క్యాపులు తయారుచేసే ల్యాబు ఖర్చు తక్కువ. రోజూ అదే పని కాబట్టి కుర్చీ ఖాళీగా ఉండదు. ఇది తెలిశాక నాకు సగం భయం పోయింది.

కొటేషన్లు రావడం మొదలయ్యాక అసలు తమాషా. ఒక క్లినిక్ నేను నవ్వుతున్న ఫోటో అడిగి, లేని నాలుగు పళ్ళ ఊసే ఎత్తకుండా, ఉన్న ఇరవై పళ్ళకి క్యాపులు వేస్తామంది. క్యాపు వేయాలంటే పన్నుని చుట్టూ అరగదీయాలి. అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. 'టర్కీ టీత్' పేరుతో కుర్రవాళ్ళు టర్కీ వెళ్ళి బాగున్న పళ్ళని ఇలా అరగదీయించుకుంటున్నారని బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్ చాలాసార్లు హెచ్చరించింది కూడా. ఇంకో క్లినిక్ వాళ్ళు ఒక్క ప్రయాణంలో అన్నీ అయిపోతాయని 'ఆల్ ఆన్ ఫోర్' చెప్పారు. నాలుగు ఇంప్లాంట్ల మీద దవడ మొత్తానికి పళ్ళ వరుస బిగించే పద్ధతి అది. పోర్చుగల్‌లో పాలో మాలో అనే డాక్టరు 1990ల్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. పళ్ళన్నీ పాడైపోయినవాళ్ళకి అది వరమే. కానీ నా కోసం అయితే గట్టిగా ఉన్న పళ్ళు కూడా పీకాలి. పైగా ఆ రోజు బిగించేది సాధారణంగా తాత్కాలిక వరుస. అసలు పళ్ళు పెట్టేది ఎముక కుదురుకున్న తర్వాతే. అంటే ఆ 'ఒక్క ప్రయాణం' కూడా రెండవుతుంది.

మిగిలిన క్లినిక్‌ల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి మరీ చవగ్గా కనిపించింది. గుచ్చి గుచ్చి అడిగితే అది స్క్రూ ధర మాత్రమే అని తేలింది. ఇంప్లాంట్ అంటే మూడు ముక్కలు: ఎముకలో దిగే స్క్రూ, దాని మీద బిగించే అబట్‌మెంట్, పైన క్యాపు. ప్రకటనల్లో కనిపించే 'ఇంప్లాంట్ ధర' ఈ మూడింటిలో ఎన్నింటికో రాతపూర్వకంగా తేల్చుకోకుండా పోల్చి చూడటం దండగ. నేను చివరికి ఎంచుకున్న క్లినిక్ మూడూ కలిపి, నాలుగు పళ్ళకి 35 చెప్పింది. వందకి ముప్పై ఐదు! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ 35 నేను పంపిన మామూలు ఎక్స్‌రే చూసి చెప్పింది. పళ్ళన్నీ ఒక్క వరుసలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే బాగానే ఉంటుంది గానీ, ఎముక మందం అందులో తెలీదు. టికెట్టు కొనకముందే సీబీసీటీ స్కాన్ (ఎముకని అన్ని వైపుల నుంచీ చూపించే త్రీడీ ఎక్స్‌రే) తీయించి పంపమని మా డాక్టరుగారే చెప్పారు. వేరేచోటికి వెళ్తున్నానని తెలిసీ ఆ మాట చెప్పడం ఆయన పెద్దమనసు. స్కాన్ పంపిన రెండు రోజులకి కొత్త కొటేషన్ వచ్చింది. 35 కాస్తా 46 అయింది.

కారణం పై దవడ. పై దవడలో వెనక పళ్ళు పోయి ఏళ్ళు గడిస్తే అక్కడి ఎముక కరిగిపోతుంది, పైన ముక్కు పక్కనుండే సైనస్ అనే గాలి గది కిందికి జరుగుతుంది. స్క్రూ పట్టడానికి నాకు అక్కడ నాలుగు మిల్లీమీటర్లు కూడా మిగల్లేదు. పక్కనుంచి చిన్న కిటికీలా తెరిచి, సైనస్ పొరని పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపాలి. దాన్నే సైనస్ లిఫ్ట్ అంటారు. ఎముక కాస్త మెరుగ్గా ఉంటే ఆ రోజే స్క్రూ కూడా వేసేస్తారట. నాకు మాత్రం ముందు పొడి నింపి, అది ఎముకగా మారేదాకా ఆరు నెలలు ఆగాలన్నారు. పదకొండు పెరగడం కాదు అసలు దెబ్బ. రెండు ప్రయాణాలు అనుకున్నది మూడయింది. ఆ వార్త కొటేషన్‌లో ఎక్కడా అంకెగా కనిపించదు, 'స్టేజ్ టూ' అన్న రెండు మాటల్లో ఉంటుంది. స్కాన్ లేకుండా వెళ్ళి, ఆ కుర్చీలో పడుకున్నాక ఈ సంగతి తెలిస్తే ఎవరైనా ఏం చేయగలరు? సరే కానివ్వండి అనడం తప్ప.

ఇక్కడ కాస్త ఆగి ఎముక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఖర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. టైటానియం ఎముకతో ఏకమైపోతుందని కనిపెట్టింది స్వీడన్‌కి చెందిన బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు. 1950ల్లో కుందేళ్ళ కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే ఊడి రాలేదు. 1965లో మొదటిసారి మనిషి దవడలో ఇంప్లాంట్లు వేశారు. కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు బరువు మోపకుండా ఆగాలన్నది ఆయన పెట్టిన గడువు. పై దవడ ఎముక గుల్లగా ఉంటుంది కాబట్టి దానికి ఎక్కువ సమయం. ఇప్పుడు స్క్రూ ఉపరితలాలు మెరుగుపడి ఈ గడువు కొంత తగ్గింది, కొందరికి వెంటనే పన్ను పెట్టేస్తున్నారు కూడా. అయినా నాలాంటి కేసుల్లో ఆగక తప్పదు. ఎముకకి మన టికెట్టు తారీఖుతో పనిలేదు. ఈ ఆగడమే ఇంటి దగ్గర ఉచితం, విమానం ఎక్కేవాడికి ఖర్చు.

దాంతో ప్లాన్ ఇలా కుదిరింది: మొదటి ప్రయాణంలో కింద రెండు ఇంప్లాంట్లు, పైన సైనస్ లిఫ్ట్. రెండోసారి పైన రెండు ఇంప్లాంట్లు, కింద క్యాపులు. మూడోసారి పైన క్యాపులు. ఏ ప్రయాణమూ ఒక్క పనికోసం వృథా కాకుండా ఇలా కలిపి పెట్టమని నేనే అడిగాను. సర్జన్ సరేనన్నారు.

మొదటి ప్రయాణానికి మా చెల్లెల్ని తోడు రమ్మన్నాను. రెండు టికెట్లు అనవసరమని నాకూ అనిపించింది గానీ, ఆపరేషన్ రోజు రాత్రి తను లేకపోతే ఇబ్బంది పడేవాణ్ణే. నొప్పి అనుకున్నంత లేదు. వాపు మాత్రం రెండో రోజు, మూడో రోజు పెరుగుతుంది, ఎడమ కన్ను కింద దాకా ఎక్కింది. సైనస్ లిఫ్ట్ అయ్యాక ముక్కు చీదకూడదు, స్ట్రా వాడకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. లోపలి ఒత్తిడికి పొర చిరిగితే నింపిన పొడి చెదిరిపోతుంది. తుమ్ము వస్తుందేమోనన్న టెన్షన్ ఎలాంటిదో అప్పుడే తెలిసింది. విమానంలో కూడా ఒత్తిడి మారుతుంది కాబట్టి కుట్లు తీసేదాకా కదలొద్దన్నారు సర్జన్. క్లినిక్ ప్యాకేజీలో ఇచ్చిన హోటల్ రాత్రులు అంతకు చాలా ముందే అయిపోయాయి. మిగతా రోజులు మా జేబులోంచే. ప్యాకేజీలో 'హోటల్ ఉచితం' అని ఉంటే ఎన్ని రాత్రులు, విమానం ఎక్కడానికి ఎప్పుడు అనుమతిస్తారు అన్న రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

డబ్బు కట్టేటప్పుడు కార్డు మెషీన్ మీద ఒక ప్రశ్న వస్తుంది: మీ దేశం కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా? మన కరెన్సీ చూడగానే తెలిసిన మొహం కనిపించినట్టుంటుంది. అది నొక్కితే మారకం రేటు అక్కడివాళ్ళు వేసుకుంటారు, మామూలుగా అది బ్యాంకు రేటు కంటే ఎక్కువే పడుతుంది. అక్కడి కరెన్సీయే నొక్కాలి. బ్యాంకు ఎలాగూ తన విదేశీ లావాదేవీ ఛార్జీ తీసుకుంటుంది, రెండుసార్లు నష్టపోవడం దేనికి? నగదు ఇస్తే తగ్గిస్తామన్నారు గానీ బిల్లు ఇవ్వడానికి ముఖాలు చూసుకున్నారు. బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగడానికి నా దగ్గరేముంటుంది? వద్దన్నాను. ట్రావెల్ ఇన్సూరెన్స్ సంగతి కూడా ముందే చదివాను. కావాలని చేయించుకునే వైద్యానికీ, దానివల్ల వచ్చే తేడాలకీ నా పాలసీ వర్తించదని అందులో స్పష్టంగా ఉంది. చాలా పాలసీల్లో అంతే. సామాను పోతే మాత్రం ఇస్తారట!

మొదటి ప్రయాణం అయి ఇంటికొచ్చిన కొన్ని వారాలకి కింద ఒక ఇంప్లాంట్ మీదున్న చిన్న మూత వదులైంది. చిగురు కుదురుకునేదాకా స్క్రూ మీద బిగించి ఉంచే మూత అది, హీలింగ్ క్యాప్ అంటారు. నాలుక తగిలితే కదులుతోంది. వైద్యపరంగా చూస్తే అర నిమిషం పని. కానీ ఆ అర నిమిషం పనికి సరిపోయే బుల్లి స్క్రూడ్రైవర్ కావాలి, అది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ముందుగా వెళ్ళిన ఒక డాక్టరు, వేరేవాళ్ళు చేసిన పని ముట్టుకోనని మొహం మీదే చెప్పారు. ఆయన్ని తప్పు పట్టలేను. ముట్టుకున్నాక రేపేదైనా అయితే మాట ఆయన మీదికొస్తుంది.

మా పాత డాక్టరుగారి దగ్గరికే వెళ్ళాను, కాస్త సిగ్గుపడుతూనే. ఆయన అడిగిన మొదటి మాట: "కార్డు ఉందా?" ఉంది. ఆపరేషన్ రోజున ఇంప్లాంట్ పెట్టెల మీది స్టిక్కర్లు ఒలిచి, నా చేతికిచ్చిన కార్డులో నర్సు అంటించింది. ఒక్కో పన్నుకి ఒక్కో స్టిక్కర్: కంపెనీ పేరు, మోడల్, వ్యాసం 4.1, పొడవు 10 మిల్లీమీటర్లు, లాట్ నంబరు. ఆయన కళ్ళజోడు పైకెత్తి, కార్డుని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివి, లోపల్నుంచి ఒక డబ్బా తెచ్చి సరిపడే డ్రైవర్ ఏరి బిగించారు. నేను స్ట్రామన్, నోబెల్ బయోకేర్ లాంటి అన్ని దేశాల్లో దొరికే కంపెనీల ఇంప్లాంట్లే కావాలని పట్టుబట్టింది ఇందుకే. క్లినిక్ వాళ్ళు ఇంకా చవకైన స్థానిక కంపెనీది చూపించారు. అది మంచిదే కావచ్చు. కానీ పదేళ్ళ తర్వాత దాని విడిభాగాల కోసం మళ్ళీ విమానం ఎక్కాల్సి వస్తే, ఆ చవక ఏ లెక్కలో చూపించాలి?

రెండో ప్రయాణంలో ఒక్కటే గొడవ. క్యాపులు ల్యాబులో తయారై రావడానికి కొన్ని రోజులు పడుతుంది, పెట్టి చూశాక సరిచేయాల్సి వస్తే ఇంకొన్ని. క్లినిక్‌లో రోగుల తారీఖులు చూసే కో-ఆర్డినేటర్ నా షెడ్యూల్ని ఎంత బిగించి వేసిందంటే, పైన ఇంప్లాంట్లు వేసిన రోజే కింద క్యాపులు బిగించేస్తారట, మర్నాడు నేను వెళ్ళిపోవచ్చట. క్యాపు ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమంటారు. ఎక్కడ రంగు ఎక్కువ అంటితే అక్కడ అరగదీస్తారు. సగం నోరు మొద్దుబారి ఉన్నప్పుడు ఎలా కొరుకుతున్నానో నాకే తెలీదు, ఇంక వాళ్ళకేం చెబుతాను? క్యాపులకి వేరే రోజు ఇవ్వమని, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఖాళీ ఉంచమని అడిగాను. తారీఖు మార్చుకునే వీలున్న టికెట్టు కొన్నాను కాబట్టి అడగగలిగాను. ఆ టికెట్టు ఖరీదెక్కువే, అయినా అది దండగ ఖర్చు కాదు. క్యాపు బిగించిన మర్నాడు మామూలుగా నాలుగు మెతుకులు నమిలితే గానీ, ఒకటి ఎత్తుగా ఉందని తెలియలేదు. మళ్ళీ వెళ్తే రెండు నిమిషాల్లో సరిచేశారు. అదే ఇంటికొచ్చాక తెలిసుంటే?

మూడో ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. వెళ్ళాను, పెట్టారు, వచ్చాను.

ఇప్పుడు లెక్క. క్లినిక్‌కి కట్టింది 46. మూడు ప్రయాణాల టికెట్లు, చెల్లెలిది కలిపి, 16. హోటళ్ళు 11. వీసా, టాక్సీలు, బ్యాంకు ఛార్జీలు, మందులు, స్కాన్, ఇంటి దగ్గర డాక్టరుగారికి ఇచ్చింది అన్నీ కలిపి 5. మొత్తం 78. ఇక్కడితో ఆపేస్తే 22 మిగిలినట్టే. కానీ జీతం లేని సెలవు కూడా పెట్టాను, దాని విలువ 7. అంటే 85. మిగిలింది 15.

పదిహేను తక్కువేం కాదు. కాకపోతే 65 మిగులుతుందనుకుని మొదలుపెట్టినవాణ్ణి. ఇందులో ఇంకో సంగతి ఉంది. వైద్యంలో మిగిలిన 54ని నాలుగు పళ్ళకి పంచితే పన్నుకి పదమూడున్నర. ప్రయాణం, సెలవు కలిపి అయిన 39 మాత్రం పళ్ళ సంఖ్యతో సంబంధం లేనిది. ఒక్క పన్నుకైనా అదే విమానం, అదే హోటల్. అంటే మొదటి మూడు పళ్ళూ దారి ఖర్చులకే సరి, నాకు లాభం వచ్చింది నాలుగో పన్ను మీదే. ఒకటి రెండు పళ్ళ కోసం ఎవరైనా అడిగితే వద్దనే చెబుతున్నాను. ఎనిమిదో పదో అవసరమై, ఎముక కూడా బాగుందని స్కాన్‌లో తేలితే, నిక్షేపంగా వెళ్ళమంటాను.

ఇక వారంటీ. ఇంప్లాంట్‌కి జీవితకాలం, క్యాపులకి అయిదేళ్ళు అని అందంగా అచ్చేసిన కాగితం ఇచ్చారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది: ఏటా వాళ్ళ క్లినిక్‌లోనే చెకప్ చేయించుకోవాలి, లేకపోతే వారంటీ చెల్లదు. ఏదైనా పాడైతే కొత్తది ఉచితంగా వేస్తారు, రానుపోను ఖర్చులు మనవి. అంటే వారంటీ నిలబెట్టుకోవడానికి ఏడాదికో టికెట్టు కొనాలి! ఆఖరి వాయిదా కట్టకముందే దీనిమీద మెయిళ్ళు నడిపాను. ఇంటి దగ్గర డాక్టరు చేసిన చెకప్, తీసిన ఎక్స్‌రే పంపితే చాలని వాళ్ళ చేత రాయించుకున్నాకే డబ్బు కట్టాను. కట్టేశాక అడిగుంటే ఒప్పుకునేవారని నేననుకోను.

మొన్న మా డాక్టరుగారి దగ్గర మొదటి ఏడాది ఎక్స్‌రే తీయించి పంపాను. అందిందని, ఫైల్లో పెట్టామని జవాబు వచ్చింది. ఆ చెకప్ ఫీజు మాత్రం పైన చెప్పిన 85లో లేదు.